ఒకటి, అ... రెండు, ఆ

శ్రోతలకు నమస్కారం.

ముందుగా మీతో ఒక చిన్న పని చేయిస్తాను. కాగితం, పెన్ను అక్కర్లేదు. మనసులోనే ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. అయిపోయింది కదా. ఇప్పుడు అ, ఆ, ఇ, ఈ అనుకోండి. అదీ నోటికి వచ్చిందే. ఇప్పుడు రెండూ కలపండి. ఒకటి, అ. రెండు, ఆ. మూడు, ఇ. అలా ముందుకు వెళ్లండి. నేను కాసేపు ఆగుతాను.

ఆరు దగ్గరో ఏడు దగ్గరో తడబడ్డారా? కంగారు పడకండి, అక్కడ అందరికీ వేగం తగ్గుతుంది. అంకెలు తెలుసు. అక్షరాలు తెలుసు. ఇటు నుంచి అటు దాటడం, ఇందాక ఎక్కడ ఆగామో పట్టుకుని మళ్లీ ఇటు రావడం, కష్టమంతా అందులోనే ఉంది.

మెదడు ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూడటానికి డాక్టర్లు దీన్ని కాగితం మీద చేయిస్తారు. పేరు ట్రెయిల్ మేకింగ్ టెస్ట్. 1944లో అమెరికా సైన్యం వాడిన పరీక్షల్లోంచి వచ్చింది. కాగితం మీద 25 చిన్న వృత్తాలు చెల్లాచెదురుగా ఉంటాయి. మొదటి కాగితంలో అన్నీ అంకెలే. పెన్ను ఎత్తకుండా వరసగా గీతతో కలుపుతూ పోవాలి. రెండో కాగితంలో 13 అంకెలు, 12 అక్షరాలు. ఒక అంకె, ఒక అక్షరం, మళ్లీ అంకె. తప్పు గీస్తే పక్కనున్నవారు చెప్పి దిద్దిస్తారు, కానీ గడియారం మాత్రం ఆగదు.

మా నాన్నగారు ఆ కాగితం ముందు కూర్చున్న రోజు నేను పక్క కుర్చీలో ఉన్నాను. మొదటిది నెమ్మదిగానే అయినా పూర్తి చేశారు. రెండోది మొదలుపెట్టారు. ఒకటి, అ. రెండు, ఆ. మూడు... అక్కడ పెన్ను ఆగింది. నాలుగు అంకె వైపు కదిలింది. "అక్షరం అండీ" అన్నారు పరీక్ష పెట్టినావిడ. నాన్నగారు పెన్ను వెనక్కి తెచ్చుకున్నారు. 'ఇ' కళ్లెదురుగానే ఉంది. నా చెయ్యి దానివైపు వెళ్లబోతుంటే, "తెలుసమ్మా, తెలుసు. ఆగు" అన్నారు.

ఆయనకు నిజంగానే తెలుసు. అంతకు రెండేళ్ల ముందు నుంచీ ఇంట్లో మేమంతా దాన్ని మతిమరుపు అంటున్నాం. మతిమరుపు కాదది. పాత సంగతి అడిగితే చెప్పేవారు, పేర్లతో సహా చెప్పేవారు. కాకపోతే జవాబు ఆలస్యంగా వచ్చేది. ఈలోగా మేమే మాట అందించేసేవాళ్లం, ఆయనకు చిరాకు వచ్చేది. రెండు పనులు ఒకేసారి అంటే ఏదో ఒకటి ఆగిపోయేది. అడుగులు చిన్నవయ్యాయి. వయసు మీద పడిందనుకున్నాం. ఎంఆర్ఐ తీస్తే, మెదడు లోపల తెల్ల మచ్చలు.

మెదడు పైపొరను బూడిద పదార్థం అంటారు. ఆలోచన పుట్టే కణాలు ఎక్కువగా అక్కడుంటాయి. దాని కింద ఉన్నది తెల్ల పదార్థం, అంటే ఆ కణాలను ఒకదానితో ఒకటి కలిపే తంతువులు. ఒక్క మనిషి మెదడులో వాటన్నిటినీ బారుగా పేరిస్తే లక్ష కిలోమీటర్లకు పైమాటే. వాటిమీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తెలుపు దానిదే, వేగం కూడా దానిదే. మన ఒంట్లో తొడుగున్న నరాల్లో సంకేతం సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తగలదు. తొడుగు లేనివాటిలో ఒకటి రెండు మీటర్లే.

ఈ లోపలి తంతువులకు రక్తం తెచ్చేవి పొడవైన, సన్నని నాళాలు. ఏళ్ల తరబడి రక్తపోటు ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై, దారి ఇరుకవుతుంది. చివరి కొసలకు రక్తం చాలదు, తొడుగు దెబ్బతింటుంది. ఎంఆర్ఐలో మచ్చగా కనిపించేది అదే. రిపోర్టులో ఫజేకస్ 1, 2, 3 అని రాస్తే మచ్చల తీవ్రత చెబుతున్నారన్నమాట. అరవై దాటినవారిలో కొద్దిపాటి మచ్చలు చాలామందికి ఉంటాయి. రిపోర్టులో 1 కనబడగానే బెంబేలెత్తనక్కర్లేదు.

అన్నే మచ్చలున్న ఇద్దరిలో ఒకరు చురుగ్గా ఉండి, ఇంకొకరు నెమ్మదించిపోవచ్చు. ఎందుకు? మెదడు ఒక వల. వలలో అంచు పోగు తెగితే పెద్ద నష్టం లేదు. నాలుగు వైపుల పోగులు కలిసే ముడి వదిలిందంటే పెద్ద కంత పడుతుంది. మెదడులోనూ అలాంటి ముడులు ఉన్నాయి, దూరదూరపు భాగాలు అక్కడ కలుసుకుంటాయి. ఎన్ని మచ్చలన్నదే కాదు, ఏ పోగు మీద పడ్డాయన్నదీ చూడాలి. ముడి సడలితే కబురు చుట్టూ తిరిగి వస్తుంది. వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. "తెలుసు, ఆగు" అన్నది అందుకే.

సమయం తక్కువుంది, ఒక్క విషయమే పట్టుకుంటాను. బీపీ. పాడైన తొడుగును తిరిగి తెచ్చే మందు ఇవాళ మన దగ్గర లేదు. కొత్త మచ్చలను నెమ్మదింపజేసే దారి ఉంది. అమెరికాలో యాభై దాటిన 9,000 మందికి పైగా బీపీ రోగుల మీద స్ప్రింట్ అనే అధ్యయనం జరిగింది. సగం మందికి పై అంకెను 140 లోపు, సగం మందికి 120 లోపు ఉంచే ప్రయత్నం చేశారు. మెదడుకు సంబంధించిన ఫలితాలు 2019లో వచ్చాయి. 120 జట్టులో మచ్చలు తక్కువ పెరిగాయి, తేలికపాటి జ్ఞాపక, ఆలోచనా లోపాలు తక్కువమందికి వచ్చాయి. పూర్తిస్థాయి డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డొచ్చేంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినడం, తగ్గిందని మాత్రం ఖాయంగా తేలలేదు. మీకు ఏ అంకె తగినదో మీ డాక్టరే చెప్పాలి. నిలబడితే కళ్లు తిరిగే పెద్దవాళ్లకు మరీ తగ్గించడం మంచిది కాదు. అలాగే ఒంట్లో బాగుందని మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు. బీపీ ఎక్కువగా ఉన్నా తెలియదు, అదే దాంతో వచ్చిన చిక్కు.

ఇంట్లో చూసుకునేటప్పుడు ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద చుట్టాలి. మాట్లాడకూడదు, పక్కనున్నవాళ్లూ మాట్లాడించకూడదు. ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండుసార్లూ వచ్చిన అంకెలు తేదీతో సహా రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.

ఉంటాను, నమస్కారం.