డ్రైవర్ సీటు అంచు అరిగిందా? రంగు వేసే ముందు జిడ్డు తీయండి

[దృశ్యం: డ్రైవర్ సీటు కుడి అంచు, బాగా దగ్గరగా]

కారు ఎక్కినా దిగినా ఒళ్లు రాసుకునేది ఈ అంచుకే. అందుకే సీటంతా బాగున్నా ఇక్కడ రంగు పోయి తోలు బయటపడుతుంది. బెజవాడ ఎండకు పైపూత పెళుసెక్కితే బీటలు కూడా వస్తాయి.

ఆటోనగర్‌కు వెళ్లి కొత్త కవర్ కుట్టించే ముందు ఒక్కసారి అంచు తిప్పి వెనక్కి చూడండి. పీచులా ఉంటే తోలు. గుడ్డ అల్లిక కనిపిస్తే రెక్సిన్, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

[దృశ్యం: మెత్తని బ్రష్, నురగ, తెల్లగుడ్డ]

వేసిన రంగు పది రోజులకే పొలుసులుగా లేచిందంటే చాలాసార్లు తప్పు రంగుది కాదు, కింద మిగిలిన జిడ్డుది. చెమట, తలనూనె, మెరుపు కోసం పూసిన పాలిష్‌లోని సిలికాన్ అన్నీ అక్కడే ఉంటాయి. లెదర్ క్లీనర్‌తో రుద్ది, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తెల్లగుడ్డకు మురికి అంటనంత వరకూ ఆపొద్దు.

ఇప్పుడు అరిగినచోట ఒక నీటిచుక్క వేయండి. ముత్యంలా నిలిచిందా, జిడ్డు ఇంకా ఉంది. ఇంకిపోయి తోలు నల్లబడిందా, సిద్ధమైనట్టే. బాగా ఆరనిచ్చి 600 నంబరు సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్దండి.

తరువాత లెదర్ బైండర్. నీళ్లలా పల్చగా ఉంటుంది, తోలులోకి దిగి విడిపోయిన పీచును పట్టి ఉంచుతుంది. స్పాంజితో నాలుగైదు పూతలు, ప్రతి పూతా ఆరాకే ఇంకొకటి. బీటలు మిగిలితే ఫిల్లర్‌ను పాత ఏటీఎం కార్డుతో పల్చగా లాగండి. ఒకేసారి మందంగా నింపితే కూర్చోగానే మళ్లీ పగులుతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ట్యాగ్ ఉంటే ఆ కుట్టు మీద జిగురు, ఫిల్లర్ అసలు పడకూడదు. ప్రమాదంలో ఆ కుట్టు తెగితేనే బ్యాగ్ బయటికొస్తుంది.

[దృశ్యం: హెడ్‌రెస్ట్ వెనక చిన్న రంగు మచ్చ, హెయిర్ డ్రయ్యర్]

తడి రంగు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. హెడ్‌రెస్ట్ వెనక కొంచెం పూసి, డ్రయ్యర్‌తో ఆరబెట్టాకే పోల్చుకోండి. నీటితో కలిసే లెదర్ రంగే కొనండి, ఎనామెల్ వంగదు. ఒక్క అంచుకు 50 మి.లీ. చాలు. మొదటి పూత స్పాంజితో అద్దాలి, మిగతా మూడు నాలుగు స్ప్రేతో మంచులా పడాలి. మే నెలలో ఈ పని పొద్దున్నే నీడలో పెట్టుకోండి. వేడి సీటు మీద రంగు పరుచుకోకముందే ఆరి గరుకు తేలుతుంది.

చివరగా మ్యాట్ టాప్‌కోట్ రెండు పూతలు. మెరిసేది వేస్తే మంచి తోలు కూడా రెక్సిన్‌లా కనిపిస్తుంది. 24 గంటలు ఎవరినీ కూర్చోనివ్వొద్దు, వారం దాకా తడిగుడ్డ పెట్టొద్దు.