పటంలో ఊరు దొరికింది, ఇల్లు దొరకలేదు

సభకు నమస్కారం.

శ్రీశైలం జలాశయం కింద పోయిన ఊళ్లలో మా అమ్మమ్మ పుట్టినూరు ఒకటి. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి లోబడిన ఊళ్లు 1980ల మొదట్లో ఖాళీ అయ్యాయి. నేను పాత పటాలు వెతకడం మొదలుపెట్టింది ఆ ఇంటి జాడ కోసమే.

మొదట చూడవలసినవి ఆనకట్టకు ముందు సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసిన, మైలుకు అంగుళం చొప్పున గీసిన టోపో షీట్లు. నాలుగు డిగ్రీల చదరానికి ఒక అంకె, అందులో డిగ్రీకొక అక్షరం, దానిలో మళ్లీ 16 భాగాలు: ఇదీ వాటి లెక్క. 16వ అక్షాంశం సరిగ్గా ముంపు ప్రాంతం మీదుగా పోతుంది కనుక పైభాగం 56 ఎల్‌లో, కిందిభాగం 57 ఐలో పడతాయి. మేనత్త ఊరు ఒక షీటులో, మేనమామ ఊరు మరో షీటులో ఉన్నవారు రెండింటి అంచులూ కలిపి చూసుకోవలసిందే. ఊరు, చెరువు, బండిబాట వీటిలో కనిపిస్తాయి కాని, ఈ కొలతలో వంద గజాలు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించవు. ఇల్లు కనబడాలనుకోవడం అత్యాశ.

అందుచేత రెవెన్యూ గ్రామపటానికి వెళ్లాను. కృష్ణకు కర్నూలు వైపు మద్రాసు ప్రభుత్వపు ఎఫ్‌ఎంబీలు, అంటే పొలాల కొలతల పుస్తకాలు, పాలమూరు వైపు అదే పనికి నిజాం కాలపు టిప్పన్లు ఉంటాయి. నది ఒకటే అయినా కాగితాల భాష, కొలతల పద్ధతి వేరు. ప్రతి పొలం గట్టూ, వాగూ మా గ్రామపటంలో ఉన్నాయి. ఊరు ఉండవలసిన చోట మాత్రం గ్రామకంఠం అనే ఒక్క గీత, లోపలంతా ఖాళీ. శిస్తు కోసం జరిగిన సర్వే అది. శిస్తు లేని ఇళ్ల మధ్య కొలత గొలుసు లాగవలసిన అవసరం సర్వేయరుకు ఏముంది?

ఆ ఖాళీని నింపడానికి నాకు రెండే ఆధారాలు మిగిలాయి. ఒకటి, నష్టపరిహారం కట్టేటప్పుడు తయారైన అవార్డు పత్రం. అందులో యజమాని పేరుతో పాటు ఇంటి పొడవు వెడల్పులు ఉన్నాయి, ఎక్కడుందో లేదు. రెండవది అమ్మమ్మ మాట: "వాకిట్లో నిలబడితే ఆంజనేయస్వామి గుడి ఎడమచేతికి, మంచినీళ్ల బావి ఎదురుగా." గుడి, బావి గ్రామకంఠం అంచున పటానికి ఎక్కాయి కనుక, వాటి నుంచి వెనక్కి లెక్కకడితే ఇల్లు ఒక చిన్న మూలకు వచ్చి నిలిచింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. పాత షీట్ల అక్షాంశ రేఖాంశాలు భూమి ఆకారానికి ఎవరెస్ట్ పేరిట ఉన్న పాత లెక్క ప్రకారం వేసినవి, జీపీఎస్ లెక్క వేరు. వాటిని మార్చకుండా ఫోన్‌లోని జీపీఎస్‌కు ఎక్కిస్తే స్థానం పక్కకు జరుగుతుంది. నేను మొదటిసారి ఆ పొరపాటే చేసి, ఎవరిదో పొలంలో సగం రోజు తిరిగాను.

ఇదే జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే వేసవిలో మా ఊరి పునాదులు కూడా తేలతాయి. లెక్క చూపిన మూలలో పక్కపక్కనే రెండు రాతి పునాదులు ఉన్నాయి, రెండింటి గడపలూ బావి వైపే. కొలుద్దామంటే ఆరోజు నా దగ్గర టేపు లేదు. అవార్డు నకలు, టేపు రెండూ పట్టుకుని వచ్చే వేసవికి మళ్లీ వెళుతున్నాను.