హైవే మీద కనీస వేగం

శ్రోతలకు నమస్కారం.

రోడ్డు భద్రత అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేది గరిష్ఠ వేగ పరిమితి. అయితే కొన్ని దేశాల హైవేల పక్కన నీలి రంగు గుండ్రటి బోర్డు మీద తెల్లటి అంకె ఒకటి కనబడుతుంది. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు సంకేతాల ఒప్పందంలో ఆ గుర్తుకు అర్థం, అంతకన్నా తక్కువ వేగంతో ఆ దారిలో నడపరాదని. జపాన్ ఎక్స్‌ప్రెస్‌వేలలో సాధారణంగా ఈ కనీస వేగం గంటకు 50 కిలోమీటర్లు, చైనాలో 60. జర్మనీలోనైతే 60కి మించిన వేగం అందుకోలేని వాహనాన్ని ఆటోబాన్ అనే హైవేల మీదికే రానివ్వరు.

నిదానంగా పోయే వాహనం వల్ల ఎవరికి ఏం నష్టమని అనిపించడం సహజమే. నష్టం నిదానంలో లేదు, వాహనాల వేగాల మధ్య ఉన్న తేడాలో ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారుకు 200 మీటర్ల ముందు ఒక లారీ 80తో పోతుంటే, దాన్ని చేరడానికి కారుకు 36 సెకన్లు పడుతుంది. అదే లారీ 40తో పోతుంటే మిగిలేవి 12 సెకన్లే. పైగా ఆ లారీ అంత నిదానంగా పోతున్నదని గ్రహించడానికే అందులో కొన్ని సెకన్లు గడిచిపోతాయి. రాత్రివేళ దూరం నుంచి చూస్తే దాని వెనక ఎర్ర లైట్లు రెండూ దగ్గరదగ్గరగా, మనతో సమానంగా సాగిపోతున్నట్టే ఉంటాయి. చాలాసేపటి వరకు వాటి మధ్య ఎడం పెరుగుతున్నట్టే తెలియదు, తీరా దగ్గరపడ్డాక ఒక్కసారిగా విడిపోయి మీదికి వస్తున్నట్టవుతాయి. అప్పుడు ముందువాడు బ్రేకు వేస్తాడు, వెనకవాడు ఇంకా గట్టిగా వేస్తాడు, ఆ వెనక వచ్చేవాడు అద్దం చూసుకోకుండా పక్క లేన్‌లోకి తిప్పుతాడు. ఇలాంటి సందర్భంలో వెనకవాళ్లు ఒకరినొకరు గుద్దుకున్నా, నిదానంగా పోతున్న వాహనానికి గీత కూడా పడకపోవచ్చు. తన వెనక ఏం జరిగిందో దాన్ని నడిపే మనిషికి తెలియకనే పోవచ్చు.

అమెరికాలో 1964లో డేవిడ్ సాలమన్ వెలువరించిన అధ్యయనం, సగటు వేగానికి బాగా ఎక్కువగా నడిపేవారితో పాటు బాగా తక్కువగా నడిపేవారు కూడా ప్రమాదాలలో ఎక్కువగా చిక్కుకుంటున్నారని చూపింది. తక్కువ వేగంతో ఉన్నట్టు లెక్కకొచ్చిన వాహనాలలో చాలా భాగం మలుపు తిరగడానికో ఆగడానికో వేగం తగ్గించినవేనని తరువాతి పరిశోధకులు ఎత్తిచూపారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఇటువంటి అధ్యయనాలను అతివేగానికి సమర్థనగా వాడుకోవడం మాత్రం పొరపాటు. వేగం 80 నుంచి 100కు పెరిగితే పెరిగింది నాలుగో వంతే అయినా, ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక సగానికి మించి పెరుగుతుంది. తేడాను తగ్గించాలంటే దూకుడుగా వచ్చేవాడు ముందు తన వేగం తగ్గించుకోవాలని నా అభిప్రాయం.

పొగమంచులోను, జోరు వానలోను, వాహనాలు కిక్కిరిసిన వేళల్లోను కనీస వేగం పట్టింపు ఉండదు. ఫ్రాన్స్ హైవేలైన ఆటోరూట్లలో, వేగంగా పోయేవారు వాడే ఎడమ చివరి లేన్‌లో 80కి తగ్గరాదన్న నియమం కూడా వాతావరణం, రద్దీ అనుకూలంగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. బరువుతో గట్టు ఎక్కే లారీ కూడా వేగం అందుకోలేదు. నిదానంగా పోయే వాహనాల కోసం కేటాయించిన లేన్‌ను అది వదలకుండా ఉంటే చాలు. హైవేకు కలిపే పక్కదారి, అంటే ర్యాంపు మీది నుంచి హైవేలోకి దిగేవారు మాత్రం బెదిరి దాని చివర ఆగిపోకూడదు. ఆ పక్క లేన్‌ను వేసిందే వేగం పెంచుకోవడానికి కనుక, ఇండికేటర్ వేసి, అద్దంలో సందు చూసుకుంటూ, ప్రధాన మార్గంలోని వేగానికి దగ్గరగా వచ్చాకే లోపలికి కలవాలి.

ఇక ఇంజను మొరాయించి బండి వేగం దానంతటదే పడిపోతుంటే, గమ్యం దాకా ఎలాగో లాక్కుపోదామని చూడవద్దు. నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, రోడ్డు అంచుకు వీలైనంత పక్కగా బండిని ఆపి, ట్రాఫిక్ లేని వైపు తలుపులోంచి అందరూ దిగి, రోడ్డు పక్క ఇనుప కడ్డీ అవతలికి వెళ్లి నిలబడాలి. సాయం వచ్చేదాకా బండిలో కూర్చోవద్దు.