పిచ్చిమాలోకం వేషంలో మహా తెలివైన నటి: జూడీ హాలిడే

నమస్కారం. పేకాట ఆడుతున్న ఇద్దరిని మాటల్లేకుండా నిమిషాల తరబడి చూపిస్తే మీరు చూస్తారా? 1950 నాటి హాలీవుడ్ సినిమా ‘బోర్న్ యెస్టర్‌డే’లో చూస్తారు, నాదీ పూచీ.

హ్యారీ బ్రాక్ పాత ఇనుము వ్యాపారంలో కోట్లు గడించిన మొరటువాడు. బిల్లీ అతడి ప్రియురాలు. ఇద్దరూ కూర్చుని రమ్మీ ఆడతారు. బిల్లీ కూనిరాగం తీస్తూ, ముక్కలను తన పద్ధతిలో సర్దుకుంటూ, వరసగా గెలుస్తూ పోతుంది. అవతల బ్రాక్‌కు ఒళ్లు మండుతుంటుంది. అప్పటిదాకా ఈమెకు బుర్ర లేదనుకున్న మనకు, సంభాషణ అక్కర్లేకుండానే, ఇక్కడ లెక్క బాగా తెలిసినది ఎవరో అర్థమైపోతుంది. ఆ బిల్లీయే జూడీ హాలిడే.

ఆమె 1921లో న్యూయార్క్‌లో పుట్టింది. అసలు పేరు జూడిత్ టూవిమ్. బెటీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్‌లతో కలిసి ‘రెవ్యూయర్స్’ అనే బృందంగా విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో హాస్య ప్రదర్శనలు ఇచ్చేది. హాలీవుడ్ మొదట ఆమెను పట్టించుకోలేదు. 1946లో ‘బోర్న్ యెస్టర్‌డే’ నాటకం న్యూయార్క్‌లోని పేరొందిన నాటకశాలల కేంద్రం బ్రాడ్‌వేకు రాబోతుండగా కథానాయిక జీన్ ఆర్థర్ తప్పుకుంది. కొద్ది రోజుల్లోనే పాత్ర మొత్తం బట్టీపట్టి జూడీ రంగస్థలం ఎక్కింది. నాటకం ఏళ్ల తరబడి ఆడింది.

ఇంత జరిగినా, సినిమా హక్కులు కొన్న కొలంబియా స్టూడియో అధిపతి హ్యారీ కోన్‌కు ఈమె వద్దట! అప్పుడు నటి క్యాథరిన్ హెప్‌బర్న్, దర్శకుడు జార్జ్ క్యూకర్, రచయిత గార్సన్ కానిన్ ఆమె సత్తా కోన్‌కు చూపించేందుకు ఒక ఉపాయం పన్నారు. 1949లో వచ్చిన ‘ఆడమ్స్ రిబ్’లో, భర్తపై కాల్పులు జరిపిన ఇల్లాలి పాత్ర జూడీకి ఇచ్చారు. జైల్లో లాయరు హెప్‌బర్న్ ఆమెను ప్రశ్నించే సన్నివేశం చూడండి. కెమెరా కదలదు, కోతలు లేవు, దృష్టంతా జూడీ మీదే. అంత పెద్ద తార పక్కకు తిరిగి కూర్చుని కొత్త నటికి తెర వదిలేసింది. మన దగ్గరైనా, ఎక్కడైనా ఇది తరచూ జరిగే పని కాదు.

కోన్ దిగివచ్చాడు. ‘బోర్న్ యెస్టర్‌డే’కు ఆమె ఉత్తమ నటి ఆస్కార్ గెలిచింది. ఓడిపోయినవారిలో ‘ఆల్ అబౌట్ ఈవ్’ బెటీ డేవిస్, ‘సన్‌సెట్ బుల్‌వార్డ్’ గ్లోరియా స్వాన్సన్ ఉన్నారు! ఇది అన్యాయమని ఇప్పటికీ వాదించేవారున్నారు. హాస్యం తేలిక, విషాదం బరువు అనే లెక్క నాకు నచ్చదు. జూడీ పాత్రను మరొకరు చేసి ఉంటే అది వట్టి వెక్కిరింతగా మిగిలేది. అయితే సినిమాలో లోపం లేదని అనను. రెండో సగంలో బిల్లీకి చదువు చెప్పే విలియం హోల్డెన్ పాత్ర ప్రజాస్వామ్యం మీద పాఠాలు చెబుతుంటే ఆవులింత వస్తుంది.

ఇక అసలు కథ. కమ్యూనిస్టుల పట్ల సానుభూతి ఉందనే అనుమానంతో 1952 మార్చిలో ఆమెను అమెరికా సెనెట్ ఉపసంఘం విచారణకు పిలిపించింది. జూడీ అక్కడ బిల్లీ అవతారమెత్తింది. అడిగినదానికి చుట్టుతిప్పి జవాబులిచ్చింది, తనకేమీ తెలియనట్టు మాట్లాడింది. చివరికి ఒక్క స్నేహితుడి పేరూ చెప్పలేదు. దీన్ని చాలామంది సరదా కథలా చెబుతారు. నాకు మాత్రం గుండె చివుక్కుమంటుంది. పుస్తకాల పురుగైన మనిషి, మిత్రులను కాపాడుకోవడానికి అధికారుల ముందు తాను వట్టి అమాయకురాలినని ఒప్పించాల్సి వచ్చింది. అయినా రేడియో, టీవీ తలుపులు ఆమెకు కొన్నేళ్లు మూసుకుపోయాయి.

సినిమాలు మాత్రం ఆగలేదు. 1954 నాటి ‘ఇట్ షుడ్ హ్యాపెన్ టు యూ’లో, ఏ ఘనతా లేని అమ్మాయి తన పేరును పెద్ద ప్రకటన బోర్డు మీద రాయించుకుని ఊరంతా ప్రసిద్ధురాలవుతుంది. నేటి సోషల్ మీడియాకు అచ్చుగుద్దినట్టు సరిపోయే కథ! నటుడు జాక్ లెమన్‌కు తొలి పెద్ద పాత్ర కూడా ఇందులోనే. 1956లో బ్రాడ్‌వేకు తిరిగివెళ్లి ‘బెల్స్ ఆర్ రింగింగ్’తో నాటకరంగపు టోనీ అవార్డు అందుకుంది. దాని సినిమా రూపం 1960లో వచ్చింది. అదే ఆమె చివరి చిత్రం. రొమ్ము క్యాన్సర్‌తో 1965లో, 43 ఏళ్లకే కన్నుమూసింది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు ‘ఆడమ్స్ రిబ్’, తర్వాత ‘బోర్న్ యెస్టర్‌డే’. ‘బెల్స్ ఆర్ రింగింగ్’ నాటకాన్ని తెర మీద పరిచినట్టు కాస్త సాగుతుంది. దాన్ని ఆఖరున, ఆమె పాటల కోసం చూడండి.