ఇంకో ఏడాది ఆగలేకపోయాం

అందరికీ నమస్కారం. ఈ సమావేశం ఏర్పాటు చేసిన ప్రధానోపాధ్యాయురాలికి, ఉపాధ్యాయులకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు, మనవల కోసం వచ్చిన పెద్దలకు కృతజ్ఞతలు.

చిన్నపిల్లల్ని ఇమ్మర్షన్ తరగతిలో, అంటే చాలా పాఠాలు కొత్త భాషలోనే చెప్పే తరగతిలో చేర్చే ముందు ఏమేం తెలుసుకోవాలో చెప్పమన్నారు. ఐదు అంశాలు కాగితం మీద రాసుకొచ్చాను. కానీ ఇందాక హాల్లోకి వస్తుంటే ఒక తల్లి నన్ను ఆపి అడిగింది. "మా వాణ్ణి పోయినేడు చేర్చామండీ. పక్కింటి పిల్లాడు ఇంటి భాషలో కథల పుస్తకాలు చదివేస్తున్నాడు, మా వాడికి ఇంకా అక్షరాలు కూడా కుదురుగా రావు. తీసేద్దామా?" అని. ఆ మాట విన్నాక కాగితం మడిచి పెట్టేశాను. ఆమెకు చెప్పాల్సిందే మీ అందరికీ చెబుతాను.

మేం తీసేశాం. మా పెద్దమ్మాయిని రెండో తరగతి మధ్యలో తీసేశాం.

ఇమ్మర్షన్ అంటే ఏమిటో తెలియనివాళ్లు కూడా ఇక్కడ ఉంటారు కాబట్టి ముందు ఆ సంగతి. కొత్త భాషను రోజుకో పీరియడు పాఠంగా చెప్పడం కాదు. లెక్కలు, సైన్సు, బొమ్మలు వెయ్యడం, ఆటలు లాంటివి ఆ భాషలోనే సాగుతాయి. కొన్ని బడుల్లో మొదటి ఏళ్లలో 90 శాతం కొత్త భాష, 10 శాతం ఇంటి భాష. పై తరగతులకు వెళ్లేకొద్దీ సగం సగానికి తెస్తారు. కొన్నింట్లో మొదటి రోజు నుంచే సగం సగం. మా పెద్దమ్మాయిది మొదటి రకం.

మొదటి రోజు టీచరు ఏదో అంటూ తన బ్యాగు కొక్కేనికి తగిలించింది. మా అమ్మాయి చూసి తనదీ తగిలించింది. భాష అలా మొదలైంది. తర్వాత చాలా నెలలు ఆ భాషలో నోరు విప్పలేదు. టీచరు కొత్త భాషలో అడిగేది, ఇది ఇంటి భాషలో జవాబు చెప్పేది. టీచరుకు మా భాష అర్థమయ్యేది కాబట్టి విని, అదే జవాబును కొత్త భాషలో తిరిగి అనేది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలు ఏం అంటున్నారో టీచరుకు అర్థం కాని తరగతిని, ఇంటి భాషకు చోటే లేని తరగతిని ఇమ్మర్షన్ అనకండి. ఈత నేర్పడం వేరు, నీళ్లలోకి తోసేసి గట్టు మీద నిలబడడం వేరు.

ఆ మౌనానికి మేం భయపడలేదు. భయం రెండో తరగతిలో పట్టుకుంది. చుట్టాల పిల్లలు ఇంటి భాషలో గడగడా చదువుతుంటే మా అమ్మాయి కూడబలుక్కుంటూ కూర్చునేది. ఒకసారి ఇంటికొచ్చిన పెద్దాయన దాని చేతికి పుస్తకమిచ్చి చదవమన్నారు. రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. "దీన్ని రెంటికీ చెడ్డ రేవడిని చేస్తున్నారు" అన్నారాయన, పిల్ల ఎదుటే. ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. నెల తిరక్కుండా బడి మార్చేశాం. కాగితాలు తీసుకోవడానికి వెళ్తే క్లాసు టీచరు ఒక్కటే అడిగింది. "ఇంకో ఏడాది ఆగలేరా?" తన తరగతిలో ఒక పిల్ల తగ్గుతుందని అడుగుతోంది అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆవిడ ఎందుకు అడిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊరుంది. అక్కడ ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు, తాము బడిలో ఏళ్ల తరబడి ఫ్రెంచి చదివినా చుట్టూ ఉన్న ఫ్రెంచివాళ్లతో మాట్లాడలేకపోతున్నామని, పిల్లలకైనా అలా కాకూడదని పట్టుబట్టారు. 1965లో ఒక కిండర్‌గార్టెన్ తరగతి తెరిపించారు. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి అంతా ఫ్రెంచిలోనే. ఇంగ్లిష్ పాఠం రెండో తరగతిలో గాని మొదలవలేదు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ ఆ పిల్లల్ని ఏటా పరీక్షించారు. ఒకటో తరగతి చివర ఇంగ్లిష్ చదవడంలో వాళ్లు వెనకబడే ఉన్నారు. ఇంగ్లిష్ పాఠం మొదలయ్యాక మిగతా పిల్లల్ని అందుకున్నారు. లెక్కల్లో నష్టపోలేదు.

వెనకబడే ఉన్నారు, ఆ తర్వాత అందుకున్నారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి మాకెవరూ చెప్పలేదు. చేర్చేటప్పుడు రంగురంగుల కాగితాలిచ్చారు. రెండు భాషలొస్తే ఎన్ని లాభాలో వాటిలో ఉంది. ఇంటి భాషలో చదవడం కొన్నాళ్లు ఆలస్యమవుతుంది, అది ముందే అనుకున్నది, ఫలానా తరగతిలో ఆ పాఠాలు మొదలవుతాయి అన్న ఒక్క వాక్యం లేదు. ఉంటే ఆ పెద్దాయనకు ఆ రోజే జవాబు చెప్పేవాళ్లం. ప్రధానోపాధ్యాయురాలు గారూ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ వాక్యాన్ని మీ దరఖాస్తు మొదటి పేజీలోనే అచ్చు వెయ్యండి. చదివి జడిసిపోయేవాళ్లు చేర్చకపోతే పోనివ్వండి, మధ్యలో తీసేసే తల్లిదండ్రులు తగ్గుతారు.

మా రెండోదాన్ని అదే రకం తరగతిలో చేర్చి ఐదో తరగతి దాకా ఉంచాం. దానికీ అదే ఆలస్యం వచ్చింది, తర్వాత అందుకుంది. అక్షరాలు వేరైనా, అక్షరం వెనక శబ్దం ఉంటుందని, వాక్యం వెనక అర్థం ఉంటుందని ఒకసారి తెలిసిన పిల్లకు అది రెండోసారి నేర్పక్కర్లేదు. ఈసారి మేం మరో పని కూడా చేశాం. ఆ భాష మాకు రాదు, హోంవర్కులో సాయం చెయ్యలేం. అందుకని రోజూ రాత్రి ఇంటి భాషలో ఒక కథ చదివి వినిపించాం. బడిలో ఏం చేశావో మన భాషలో చెప్పమని అడిగాం. బడిలో విత్తనం మొలకెత్తడం గురించి విన్నది ఇంటికొచ్చి మన మాటల్లో చెప్పడానికి అది తిప్పలు పడేది, మాట అందక మమ్మల్ని అడిగేది. రెండు భాషలూ దాని తలలో అక్కడే కలిశాయి. కొందరు ఇంట్లో కూడా కొత్త భాషే మాట్లాడమని సలహా ఇస్తారు. దయచేసి వినకండి. మీకు సరిగా రాని భాషలో పిల్లకి మీరేం చెప్పగలరు?

అన్నీ వచ్చేస్తాయని కూడా నేను చెప్పను. ఈ పిల్లలకు కొత్త భాషలో వినడం, చదవడం బాగా వస్తాయి, మాట్లాడడంలో, రాయడంలో వ్యాకరణం తప్పులు చాలాకాలం ఉంటాయి. కెనడా పిల్లల్లో భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ ఇదే గమనించారు. వింటే చాలదు, పిల్లలతో ఎక్కువ మాట్లాడించాలి, రాయించాలి అన్నారు. అందుకే మీరు బడి చూడ్డానికి వెళ్లినప్పుడు తరగతిలో ఓ అరగంట వెనక కూర్చోనిమ్మని అడగండి. టీచరే మాట్లాడుతోందా, పిల్లలు మాట్లాడుతున్నారా చూడండి. ఇంటి భాషలో చదవడం ఎప్పుడు మొదలుపెడతారో, ఐదో తరగతి తర్వాత ఈ భాష ఎక్కడ కొనసాగుతుందో అడగండి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇప్పుడు మా పెద్దదానికి పదిహేనేళ్లు. చెల్లెలు ఆ భాషలో ఫోను మాట్లాడుతుంటే ఇది పక్కన కూర్చుని వింటుంది. చాలావరకు అర్థమవుతుంది. అప్పుడప్పుడు ఏదో అనబోయి ఊరుకుంటుంది. ఒకసారి అడిగింది, "అమ్మా, నన్నెందుకు తీసేశారు? నాకు రాదనుకున్నారా?" అని. రాదని కాదమ్మా, భయపడ్డాం అని చెప్పాను.

ఇదంతా చెప్పడానికి తన అనుమతి తీసుకున్నాను. ఈ వేసవి నుంచి మళ్లీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. చివరి వరసలో కూర్చుని ఉంది. ఇందాక నన్ను ఆపిన తల్లి ఎక్కడున్నారు? మీరు వెళ్లేలోపు ఒకసారి తనతో మాట్లాడండి.