గోడ కట్టనివ్వని మందులు: అమాక్సిసిలిన్ నుంచి వాంకోమైసిన్ దాకా

[తెరపై: సైకిల్ టైరు. ఒకచోట చీలిక. పంపు కొడుతుంటే ఆ చీలికలోంచి ట్యూబు బుడగలా పొంగి, ఫట్‌మని పగులుతుంది.]

ట్యూబు మంచిదే, పంపూ మంచిదే. పట్టి ఉంచాల్సిన టైరు అక్కడ లేదు, అంతే. పెన్సిలిన్ చేతిలో బ్యాక్టీరియా చచ్చేది దాదాపు ఇలాగే. స్టెఫైలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ (మందపాటి గోడ ఉండే) బ్యాక్టీరియా లోపల పీడనం 20 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. కారు టైరులో కొట్టే గాలికి అది ఎనిమిది, తొమ్మిది రెట్లు. దాన్ని ఆపుతున్నది కణకుడ్యం, అంటే కణం చుట్టూ ఉన్న గోడ. మన కణాలకు ఆ గోడ లేదు కాబట్టే పెన్సిలిన్‌ని గ్రాముల లెక్కన ఎక్కించినా మన కణాల జోలికి పెద్దగా పోదు. న్యుమోనియా తెచ్చే మైకోప్లాస్మాకీ గోడ లేదు. దాని మీద పెన్సిలిన్ జాతి మందైన అమాక్సిసిలిన్ ఎంత వాడినా దండగే.

[తెరపై: సమాంతరంగా చక్కెర గొలుసులు. ఒక్కోదాని నుంచి వేలాడే అయిదు పూసల తోకలు. చివరి రెండు పూసలు ఎర్రగా.]

గోడ అల్లిక చూడండి. చక్కెర గొలుసులు పక్కపక్కన సాగుతాయి. ఒక్కో గొలుసు నుంచి అయిదు అమైనో ఆమ్లాల తోకలు వేలాడతాయి. ఎర్రగా కనిపిస్తున్న చివరి రెండూ డి-అలనిన్‌లు. ట్రాన్స్‌పెప్టిడేజ్ అనే ఎంజైమ్ వచ్చి చిట్టచివరి పూసను తెంపి, మిగిలిన తోకను పక్క గొలుసుకి ముడి వేస్తుంది. గోడ బలమంతా ఈ ముడుల్లోనే ఉంది.

పెన్సిలిన్‌లోని బీటా-లాక్టమ్ వలయం ఆ రెండు ఎర్ర పూసల్లాగే కనిపిస్తుంది. ఎంజైమ్ మోసపోయి దాన్ని పట్టుకుంటుంది. నాలుగే పరమాణువుల వలయం, వంచి కట్టిన వెదురు బద్దలా బిగుసుకుని ఉంటుంది. తాకగానే తెరుచుకుని ఎంజైమ్‌లోని సెరీన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుపోతుంది. ఆ ఎంజైమ్ ఇక ముడి వేయలేదు.

ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి: మందు గోడను పగలగొట్టదు. పెరగాలంటే బ్యాక్టీరియా తన గోడను తానే అక్కడక్కడా కత్తిరించుకుని కొత్త భాగం చేర్చుకోవాలి. ఆ కత్తిరింపు సాగుతూనే ఉంటుంది, ముడి మాత్రం పడదు. కాబట్టి పెరుగుతున్న బ్యాక్టీరియానే చస్తుంది, ఊరికే పడున్నది తప్పించుకుంటుంది.

[తెరపై: "1951". రెండు పట్టీలు: 30 శాతం, 79 శాతం.]

దీనికి రుజువు రోగుల మీదే దొరికింది. న్యుమోకాకస్ మెనింజైటిస్ (ఆ బ్యాక్టీరియా వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు) రోగులకు పెన్సిలిన్ ఒక్కటే ఇస్తే 30 శాతం మంది, దానితో పాటు ఆరియోమైసిన్ కూడా ఇస్తే 79 శాతం మంది చనిపోయారని లెప్పర్, డౌలింగ్ 1951లో ప్రచురించారు. రెండో గుంపులో ఉన్నది 14 మందే, అయినా తేడా కళ్లకు కట్టినట్టుంది. ఆరియోమైసిన్ అంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన మందే. మందులో దోషం లేదు. అది ప్రొటీన్ తయారీని ఆపి పెరుగుదలకు బ్రేకు వేస్తుంది. పెరుగుదల ఆగితే పెన్సిలిన్‌కి పని దొరకదు. 'రెండు మందులు వేస్తే రెట్టింపు బలం' అనే లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

[తెరపై: గడియారం. అమాక్సిసిలిన్ గ్రాఫు లేచి పడుతూ, మధ్యలో ఒక అడ్డగీత.]

ఇప్పుడు మోతాదు వేళలు. ఈ అడ్డగీత బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి కావలసిన కనీస గాఢత. బీటా-లాక్టమ్‌లకు, అంటే ఆ వలయం ఉన్న మందులకు, శిఖరం ఎంత ఎత్తన్నది కాదు, గీతకు పైన ఎంతసేపు ఉన్నామన్నదే ముఖ్యం. పెన్సిలిన్ జాతికి రెండు మోతాదుల మధ్య కాలంలో కనీసం సగమైనా పైన ఉండాలి. అమాక్సిసిలిన్ రక్తంలో సుమారు గంటకు సగమవుతుంది. మధ్యాహ్నం మరిచిపోయి రాత్రికి రెండు మాత్రలు కలిపి వేసుకుంటే అదనంగా దక్కేది ఒక్క గంట, అంతే! 'రోజుకి మూడు' అంటే ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి ఎనిమిది కాదు. అలా వేస్తే రాత్రంతా 12 గంటల ఖాళీ. ఆరు, రెండు, పది సరైన వేళలు. మరో బీటా-లాక్టమ్ అయిన సెఫ్ట్రియాక్సోన్ సగమవడానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది కాబట్టి రోజుకొక ఇంజెక్షన్ సరిపోతుంది. అయితే ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్ వెళ్తున్న గొట్టంలోనే దాన్ని ఎక్కించకూడదు. అందులోని కాల్షియంతో కలిసి గడ్డలు కడుతుంది. 28 రోజుల లోపు పసికందుకు కాల్షియం సెలైన్ అవసరమైతే ఆ మందే ఇవ్వకూడదు.

[తెరపై: కత్తెర. అది పెన్సిలిన్ వలయాన్ని కత్తిరిస్తుంది.]

బ్యాక్టీరియా ఎదురుదెబ్బ ఈ కత్తెర, బీటా-లాక్టమేజ్. అమాక్సిసిలిన్‌తో కలిపి ఇచ్చే క్లావులానిక్ యాసిడ్ కత్తెరలో ఇరుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. 625 మాత్ర అంటే అమాక్సిసిలిన్ 500, క్లావులానిక్ 125. 375 మాత్రలోనూ క్లావులానిక్ 125 మిల్లీగ్రాములే, అమాక్సిసిలిన్ 250. షాపులో 625 లేదని రెండు 375లు వేసుకుంటే క్లావులానిక్ 250 అవుతుంది. విరేచనాలు పట్టుకునేది ఎక్కువగా దానివల్లే. భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపులో ఇబ్బంది తగ్గుతుంది, క్లావులానిక్ బాగా ఒంటబడుతుంది కూడా.

క్లావులానిక్‌కి తేమ అసలు పడదు. అందుకే స్ట్రిప్‌కి అల్యూమినియం పౌచ్, లోపల సిలికా జెల్ పొట్లం. పిల్లల డ్రై సిరప్ కలిపేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చూద్దాం.

[తెరపై దగ్గరగా: పొడి ఉన్న సీసా, దానిమీద గీత.]

ముందు సీసాను తట్టి పొడిని వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీతకు కాస్త కింద దాకా పోసి, మూత పెట్టి బాగా కుదపాలి. నురగ దిగనివ్వాలి. మట్టం తగ్గిందా? ఇప్పుడు గీత దాకా నింపి మళ్లీ కుదపాలి. చాలామంది ఒకేసారి గీత దాకా పోసి వదిలేస్తారు. పొడి కరిగాక మట్టం దిగుతుంది, మందు చిక్కబడుతుంది, ప్రతి చెంచాలో మోతాదు పెరుగుతుంది. కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఏడు రోజులు దాటితే పారబోయాలి. పది రోజుల కోర్సయితే రెండో సీసా పొడిగానే ఉంచి, మొదటిది అయ్యాక కలుపుకోవాలి.

[తెరపై: ఎంజైమ్ ఆకారం మారింది. పెన్సిలిన్ జారిపోతోంది.]

ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కి లొంగని స్టెఫైలోకాకస్, దారి వేరు. అది కత్తెరను నమ్ముకోలేదు, ముడి వేసే ఎంజైమ్‌నే మార్చేసుకుంది. అసలు అడ్డంకి కత్తెర కానిచోట క్లావులానిక్ కలిపినా ఫలితం సున్నా.

అందుకని వాంకోమైసిన్. ఇది ఎంజైమ్ జోలికి పోదు. రెండు ఎర్ర పూసలనే పిడికిలితో పట్టేస్తుంది, ముడి వేయడానికి తోక దొరకదు. అణువు మరీ పెద్దది కావడంతో గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు గోడ బయట ఉండే మరో పొరను దాటలేదు. పేగులోంచి రక్తంలోకీ రాదు, ప్రధానంగా క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలకే నోటిద్వారా ఇస్తారు.

ఎక్కించే వేగం దగ్గర జాగ్రత్త. నిమిషానికి 10 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే గ్రాముకి 100 నిమిషాలు. తొందరపడితే హిస్టమిన్ విడుదలై ముఖం, మెడ ఎర్రబడి దురద పుడుతుంది, బీపీ పడిపోవచ్చు. ఆపి, యాంటీ హిస్టమిన్ ఇచ్చి, సర్దుకున్నాక సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇది అసలు ఎలర్జీ కాదు. కేస్ షీట్‌లో 'వాంకోమైసిన్ ఎలర్జీ' అని రాసేస్తే రేపు అవసరమైనప్పుడు ఆ మందే దూరమవుతుంది.

[తెరపై: చివరి ఎర్ర పూస నీలంగా మారుతుంది. పిడికిలి జారుతుంది.]

దీన్నీ తప్పించుకున్న ఎంటెరోకాకస్ అనే బ్యాక్టీరియా ఉన్నాయి. తోక చివరి డి-అలనిన్ స్థానంలో డి-లాక్టేట్ పెట్టుకుంటాయి. ఒక్క హైడ్రోజన్ బంధం పోతుంది, వాంకోమైసిన్ పట్టు సుమారు వెయ్యి రెట్లు సడలుతుంది. అక్కడ చాలాసార్లు ఎంచుకునే లినెజోలిడ్ అనే మందు గోడ దగ్గరికే వెళ్లదు, ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ మీద పనిచేస్తుంది.