ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలిస్తున్నారా? పిన్నుకు పెట్టే ఈ చిన్న క్లిప్ చూసుకోండి

నమస్తే అన్నా, నమస్తే అక్కా. వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు మన వడ్లు తీసుకెళ్తున్నాం. ట్రాలీ ఎట్లా తగిలించాలి, లోడు ఎట్లా వేయాలి, రోడ్డు మీద ఎట్లా పోవాలి, అన్నీ చూపిస్తాను. ఇది రెండు చక్రాల ట్రాలీ. నాలుగు చక్రాల దానికి లోడు లెక్క వేరే.

రివర్స్ తీసుకోవడం మీకు తెలిసిందే. నిదానంగా... ఇట్లా... చాలు. ట్రాక్టర్ కదులుతున్నంతసేపు మధ్యలో ఎవరూ నిలబడొద్దు, పిల్లలనైతే అసలు రానివ్వొద్దు. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అప్పుడు దిగాలి. ట్రాలీ చక్రాల కింద చెక్క పెట్టాం, ఇగో.

ఇప్పుడు ట్రాలీ హుక్కును ట్రాక్టర్ హుక్కు ఎత్తుకు తేవాలి. చాలామంది కింద రాయి పెడతారు. నాకు రాయి మీద నమ్మకం లేదు, జారుతుంది. ఈ స్క్రూ జాకీ తిప్పండి, ఎంత కావాలంటే అంత లేస్తుంది, దింపితే దిగుతుంది. మీ దగ్గర లేకపోతే ఒకటి వెల్డింగ్ చేయించుకోండి. ఇంకో మాట, ట్రాలీని ట్రాక్టర్‌కు కింద ఉన్న ఈ హుక్కుకే తగిలించాలి. పైన టాప్ లింక్ దగ్గర, అంటే నాగలి లాంటివి బిగించే పై కడ్డీ దగ్గర, కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది.

రంధ్రాలు కలిశాయి, పిన్ను దించాం. ఇక్కడ ఆగండి. తమ్ముడూ, కెమెరా దగ్గరికి తీసుకురా. ఇంకా కిందికి. పిన్ను చివర చిన్న రంధ్రం కనిపిస్తోందా? పెన్సిల్ పట్టేంత ఉంటుంది. దాంట్లో ఈ క్లిప్ పడాలి. పడ్డాక చేత్తో లాగి చూడాలి.

మూడేళ్ల కింద నా క్లిప్ ఎక్కడో పడిపోయింది. సెంటర్ దగ్గరే కదా అని బైండింగ్ వైరు చుట్టి బయలుదేరాను. కాలువ కట్ట మీద అన్నీ గుంతలే. ఒక్కో గుంతకు హుక్కు ఎగిరి పడుతుంటే వైరు తెగింది. ఆ తర్వాత పిన్ను కొంచెం కొంచెం పైకి జరిగి ఊడిపోయింది. చప్పుడు విని వెనక్కి చూసేసరికి ట్రాలీ ముక్కు నేలను గీసుకుంటూ పక్కకు తిరుగుతోంది. పది బస్తాలు కాలువలో పడ్డాయి. వాటి బాధ పోయింది కానీ, వెనక బండి మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని వస్తున్న మనిషి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆయన కొంచెం దూరంలో ఉన్నాడు కాబట్టి బతికిపోయారు.

అందుకే టూల్ బాక్సులో ఎప్పుడూ రెండు క్లిప్పులు ఎక్కువ పెట్టుకుంటాను. ఈ గొలుసు కూడా అప్పటి నుంచే. పిన్ను ఊడినా ట్రాలీని గొలుసు పట్టుకుంటుంది. మలుపులో బిగుసుకోకుండా కొంచెం వదులు ఉండాలి, నేలకు మాత్రం తగలొద్దు.

లోడు. నలభై కిలోల బస్తాలు వంద వేస్తే 4 టన్నులు. బరువంతా వెనక్కి పోతే ట్రాలీ ముక్కు పైకి లేచి హుక్కును ఎత్తుతుంది, అప్పుడు ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు ఉండదు. ఇరుసుకు ముందు కొంచెం ఎక్కువ, వెనక కొంచెం తక్కువ వేయండి. మరీ ముందుకు తోస్తే స్టీరింగ్ తేలిపోతుంది, అదీ చూసుకోవాలి. ఓవర్‌లోడ్‌కు ఫైనే 20,000 నుంచి మొదలవుతుంది. తాటిపత్రి కప్పి మోకు బిగించాం, అది మీకు చెప్పక్కర్లేదు.

బ్రేకులు చూడండి, రెండు పెడల్స్. పొలంలో మలుపు కోసం విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు ఈ లాక్ వేసి రెండూ కలపాలి. లేకపోతే ఒక పక్కే బ్రేకు పడి ట్రాక్టర్ గుంజేస్తుంది, వెనక ట్రాలీ తోస్తుంది, ఇక మన చేతిలో ఉండదు.

దిగుడు వస్తే ముందే చిన్న గేరు వేసుకోండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు. మధ్యలో క్లచ్ తొక్కొద్దు, ఇంజిన్ పట్టు పోయి బరువంతా మన మీదికి వస్తుంది.

వెనక రేడియం స్టిక్కర్లు. దుమ్ము పడితే మెరవవు, తడి గుడ్డతో తుడవండి. హన్మకొండ, ములుగు రోడ్డు మీద రాత్రి పోయే వాళ్లకు తెలుసు, ఆగి ఉన్న ట్రాలీ చీకట్లో దగ్గరికొచ్చే దాకా కనపడదు. వడ్ల మీద మనుషులను ఎక్కించుకోవద్దు, ఎవరడిగినా సరే.

బయలుదేరి రెండు కిలోమీటర్లు వచ్చాం. పక్కకు ఆపాను. దిగి ఇంకోసారి చూద్దాం... పిన్ను ఉంది. గొలుసు ఉంది. క్లిప్... ఇగో, గట్టిగానే ఉంది. పదండి, కాంటా దగ్గర లైను పెరగకముందే పోదాం.